ఏమన్నరో రాయి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మొన్న శంషాబాద్ చౌరస్తాలో, మా మెట్ల పక్కన ఆకుకూరలు అమ్మిన పెద్దమ్మ ఫ్లెక్సీ చూశాను. ఒక పక్క ప్లాట్ల వెంచర్ ఫ్లెక్సీ, ఇంకో పక్క ఎవరో చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, మధ్యలో ఈమె. పైన 'ప్రభువునందు నిద్రించిరి' అని రాసి ఉంది. కింద ఆమె ఫొటో కంటే పెద్దగా ఆమె మరిది ఫొటో, తెల్ల చొక్కాలో, రెండు చేతులూ జోడించి. పోయిన మనిషి ఫ్లెక్సీలో బతికున్నవాడు అంత నిగనిగలాడటం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగానో లేదో, వీడియో పని ఉందని అతనే ఫోన్ చేశాడు.

"అక్కా, శుక్రవారం మా వదినె ఆదరణ కూడిక. లైవ్ పెట్టాలె, పెద్ద తెర గూడ కావాలె. ఖర్చుకు ఎనకాడకు. ఆ కింద అక్షరాలు గిట్ల మాత్రం వద్దు తియ్. సదువుకునే మనిషే లేదు గదా ఇగ."

అని నవ్వాడు. "మీ పని నేను చెయ్య. ఇంకొకళ్లను చూస్కో" అని పెట్టేశాను. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ వ్యవహారం అక్కడితో అయిపోయింది. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది ఆమె ముఖమే గానీ ఆమె కాదు. ఆ ఫొటోలో ఆమె నోరు మూసుకుని ఉంది. నేను చూసినన్నాళ్లలో ఆమె నోరు మూసుకోవడం ఎన్నడూ చూడలేదు.

బస్టాండు దగ్గర మందుల దుకాణం పైన నాకో గది ఉంది. పెళ్లిళ్లు, ఫంక్షన్లు, చర్చి కూడికలు, ఎవరు ఏ వీడియో తెచ్చినా ఎడిట్ చేసి, అడిగినవాళ్లకు మాటలన్నీ అక్షరాలుగా కింద వేసి ఇవ్వడం నా పని. ఆ గదికి ఎక్కే మెట్ల పక్కనే ఆమె ఆకుకూరలు పెట్టుకునేది. తుక్కుగూడ వైపు ఊరు. పొద్దున్నే షేర్ ఆటోలో మూట దించుకుని, గోనెపట్టా పరిచి, తోటకూర, గంగవాయిలి కూర, కొత్తిమీర కట్టలు సర్దేది. ఏడో తరగతి చదువుతున్నప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. మాట మాత్రం మిగిలింది. అయితే తన గొంతు తనకు వినపడదు కనుక అది ఒకసారి కింద, ఒకసారి పైన, చాలాసార్లు మరీ పైన ఉండేది. కొత్తవాళ్లకు సగం అర్థమయ్యేది కాదు. నాకూ అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

పెదవులు చూసి మాట పట్టుకునేది. పట్టుకోవాలనుకుంటేనే. బేరం ఆడేవాళ్ల పెదవులు మాత్రం ఆమెకు ఎన్నడూ కనపడలేదు. "పదికి మూడియ్యవా?" అని ఎవరన్నా అడిగితే ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని శ్రద్ధగా చూసేది. వాళ్లు డబ్బులు తీసి చేతిలో పెట్టాకే ముఖం ఇటు తిప్పేది. మా దగ్గర విమానం నెత్తి మీదుగా పోయేటప్పుడు అందరం మాట ఆపి, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెడతాం. ఆమెకు ఆ బాధ లేదు. మేం నోరు తెరిచి ఆగిపోయిన ఆ కాసేపట్లో తన మాట తాను పూర్తి చేసుకుని వెళ్లిపోయేది.

ఎవరన్నా పక్కకు చూస్తూ మాట్లాడితే గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకునేది. మొహమాటం లేదు, చిన్నా పెద్దా లేదు. ఒకసారి మున్సిపాలిటీ మనిషి వచ్చి, బుట్ట తీయమని రోడ్డు వైపు చూస్తూ చెబితే అతని గడ్డం కూడా అట్లాగే తిప్పింది. మైకు అంటే ఆమెకు అసలు పడేది కాదు. "మైకు దొరికిందంటే సాలు, మూతి దాసుకుంటరు. లోపట ఏమంటున్నరో దేవునికే ఎరుక" అనేది.

ఆమెకు ఒళ్లు మండే మాట ఇంకొకటుంది. అది 'ఏం లే.' నలుగురు కూర్చుని నవ్వుతుంటారు. ఏమైందని ఆమె అడుగుతుంది. "ఏం లే" అంటారు. ఇంట్లో గొడవ జరుగుతుంటుంది, ఏందని అడుగుతుంది. "ఏం లే, తర్వాత చెప్త" అంటారు. ఆ తర్వాత ఎన్నడూ రాదు. చెవులు వినపడేవాళ్లందరూ చేసే పనే ఇది. చెప్పడానికి బద్ధకం, అంతే. దానికి ఎన్ని సాకులు చెప్పినా అసలు సంగతి బద్ధకమే.

మా మెట్ల మీద కూర్చున్న ఆటోవాళ్లను ఒకరోజు పట్టుకుంది. "ఏం లేకుంటే గంతసేపు ఎందుకు నవ్విన్రు? ఏం లేనిదానికి ఎవ్వడన్న నవ్వుతడా? పిచ్చోళ్లా మీరు?" వాళ్లు ఆ జోకు మొదటి నుంచి చెప్పేదాకా వదల్లేదు. చెప్పాక, "ఇదా? తూ, దీనికా నవ్వింది" అని బుట్ట దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆమెకు 'ఏం లే' అని చెప్పని మనిషి ఒకే ఒక్కడు, ఆమె భర్త. విమానాశ్రయం దగ్గరి గోదాముల్లో హమాలీ పని చేసేవాడు. ఆయన మాటలు తక్కువ, ఆమె కోసం చెప్పే మాటలు ఎక్కువ. ఎవరు ఏమన్నా ఆమె వైపు తిరిగి, గొంతు బయటికి రాకుండా పెదవులతో మళ్లీ చెప్పేవాడు. చర్చిలో కూడా పక్కకు తిరిగి కూర్చుని ప్రసంగమంతా అట్లాగే చెప్పేవాడు. అందరూ లేచి నిలబడాల్సి వచ్చినా, చేతులెత్తాల్సి వచ్చినా ముందు ఎందుకో చెప్పి, తర్వాత ఆమె మోకాలి మీద తట్టేవాడు. నేను వీడియోకి వేసే అక్షరాలు ఏ పని చేస్తాయో ఆ పని ఆయన ఆమెకు జీవితమంతా చేశాడు.

మధ్యాహ్నం ఎండలో నీళ్లు తాగడానికి ఆమె నా గదికి వచ్చేది. అట్లా వచ్చినరోజే మొదటిసారి నా కంప్యూటర్ తెర మీద వాళ్ల పాస్టరు గారిని చూసింది. ఫోన్లలో పంచుకోవడానికి ఆయన ప్రసంగాన్ని ముక్కలు చేసి, కింద తెలుగులో అక్షరాలు వేస్తున్నాను. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నీళ్ల గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. చాలాసేపు చదివి, అంత పెద్ద గొంతుతో అడిగింది.

"గీయన గింత మాట్లాడతడా?"

"అవును పెద్దమ్మా."

"మా ఆయన నాకు సగమే చెప్పిండు ఇన్నేండ్లు! దొంగ సచ్చినోడు!"

సాయంత్రం ఆయన మూట ఎత్తడానికి వచ్చినప్పుడు మెట్ల దగ్గరే నిలదీసింది. ఆయన తల గోక్కుంటూ, "మిగిలింది అక్కరకొచ్చేది కాదే" అన్నాడు. ఆమె కాసేపు తిట్టి, చివరికి తానే ఒప్పుకుంది. "గదీ నిజమే. మా ఆయన చెప్పే ప్రసంగమే మంచిగుంటది. జల్ది అయిపోతది" అని నాతో అంది.

అప్పటినుంచి రోజూ వచ్చేది. పని ఎట్లా చేస్తానో చూసేది. తెర మీద మాట గీతల్లాగా ఎగుడుదిగుడుగా కనపడుతుంది, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి చూసుకుని, ఆ కొలతకు కింద వాక్యం పెట్టాలి. ఆ గీతల మీద వేలు పెట్టి, "గిది మాటనా?" అని అడిగేది. వాక్యం త్వరగా మారిపోతే నా భుజం మీద చరిచేది. "నేను సదువుతనే ఉన్న, గాయన పోతనే ఉన్నడు. జర ఆగమను." ఆమె చదవడం పూర్తయ్యేదాకా వాక్యాన్ని లాగి పొడుగు చేసేదాన్ని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్రకారు ఒక్కో మాట ఒక్కో రంగులో ఎగిరిపడాలంటారు. చదవడానికి కాదు, సోకుకు. వాళ్లను చూసినప్పుడల్లా నా భుజం మీద పడ్డ ఆ దెబ్బ వాళ్ల వీపు మీద పడితే బాగుండనిపిస్తుంది.

ఆ యేడు వానాకాలంలో ఆమె భర్త పోయాడు. గోదాములో మూట దించుతూ కూర్చుండిపోయాడట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆమె మళ్లీ బుట్ట పెట్టుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. వచ్చినరోజు ఆకుకూరలు సర్దకముందే మెట్లెక్కి ఫోన్ నా చేతిలో పెట్టింది. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికను ఎవరో ఫోన్‌లో తీసి, చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంటి ముందు షామియానా, తెల్ల చీరలో ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతున్నారు.

"అందరు నా మొగని గురించి మంచిగ చెప్పిన్రట. మైకు అడ్డం పెట్టుకున్నరు, ఒక్క ముక్క దొరకలే. ఏమన్నరో రాయి, పిల్లా. ఒక్క మాట గూడ ఇడువకు."

వీడియోను నా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, రేపు కూర్చుందామన్నాను. ఈ సంగతి ఆమె సంబరంగా ఇంట్లో కూడా చెప్పుకున్నట్టుంది. మర్నాడు పొద్దున, ఆమె ఇంకా రాకముందే, మరిది ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "అక్కా, నేను మాట్లాడిన కాడ జర ఇడిసిపెట్టు. ఉత్తగ ఉంచితే అనుమానపడ్తది. ఒక వాక్యం పెట్టు అక్కడ. దేవుడు విధవరాండ్రను ఆదరించును అని గట్ల ఏదన్న పెట్టు. ఆమెకేం తెలుస్తది?"

దేవుడి మాటను మనిషి మాట మీద కప్పమని అడిగాడు. ఆమెకేం తెలుస్తుందని అడిగాడు. "అన్నది అన్నట్టు రాస్త" అని పెట్టేసి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అతను మాట్లాడిన చోటికే నేరుగా వెళ్లాను. విన్నాక లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆమె మెట్లెక్కి వచ్చి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను వినడం, రాయడం, ఆమె చదవడం. మొదట మాట్లాడినవాళ్లు ఆమె భర్తను నిజంగానే మెచ్చుకున్నారు. ఆమె ఒక్కో వాక్యానికీ తల ఊపుతూ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చదివింది. తర్వాత మరిది మైకు తీసుకున్నాడు. నేను రాశాను.

"మా వదినెకు చెవులు వినరావు. ఒక్కతి ఉండుడు కష్టం. అందుకే ఇంట్ల పెద్దలమంత అనుకున్నం, ఆమెను పట్నంల ఒక హోముల చేర్పిస్తం. అన్న ఇల్లు మేం చూసుకుంటం. వదినె గూడ దీనికి ఒప్పుకున్నది. ఏకీభవించేటోళ్లంత చేతులెత్తి ఆమెన్ చెప్పుండ్రి."

షామియానా కింద చేతులన్నీ లేచాయి. ఆమె పక్కకు చూసింది, వెనక్కి చూసింది. అందరూ ఎత్తారు కనుక ఆమె కూడా ఎత్తింది. మోకాలి మీద తట్టి ఎందుకో చెప్పే మనిషి పక్కన లేడు. మరిది మైకులో, "సూడుండ్రి, వదినె గూడ ఎత్తింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. దేవుడా, ఆమె తన ఇల్లు పోయినందుకు చప్పట్లు కొట్టింది.

ఆమె చదివింది. మళ్లీ వెయ్యమంది. వేశాను. వాక్యాన్ని పొడుగు చేయమని ఈసారి అడగలేదు. ఎత్తిన చేతుల మధ్య తన చెయ్యి వెతికి, తెర మీద వేలు పెట్టింది.

"గిది నాదే."

"అవును పెద్దమ్మా."

"మీటింగ్ అయినంక అడిగిన వాళ్లను. ఏమన్నడు అని అడిగిన. ఏం లే, నీ మొగన్ని పొగిడిండు అన్నరు. నా చేతి తోటకూర తిన్నోళ్లు, అందరు. ఏం లే అన్నరు!"

గొంతు ఎంత పైకి పోయిందో ఆమెకు తెలియదు. కింద మందుల దుకాణంలోంచి మనుషులు బయటికి వచ్చి పైకి చూశారు. ఆమె మరిదిని తిట్టింది, ఆడబిడ్డలను తిట్టింది, చప్పట్లు కొట్టినవాళ్లందరినీ పేరుపేరునా తిట్టింది. చివరికి చెప్పకుండా పోయాడని మొగుణ్ని తిట్టింది. నేనేదో ఓదార్పు మాట మొదలుపెడితే నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఏడుపు తర్వాత. నన్ను వీడియో తియ్యి."

ఆ స్టూలు మీదే కూర్చోబెట్టి తీశాను. నేరుగా కెమెరాలోకి చూస్తూ మాట్లాడింది. నా సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంది, నొక్కితే అదే విని అదే అక్షరాలు వేస్తుంది. తప్పులుంటే తర్వాత దిద్దుకుంటాను. తొందరలో ఉన్నాను కనుక అది నొక్కాను. ఆమె మాట్లాడినంతసేపూ అది కింద ఒకే ఒక్క మాట వేసింది: సంగీతం. ఒక ఆడమనిషి తన ఇల్లు లాక్కుంటున్నారని గుండె చించుకుని చెబుతుంటే, దానికి అది సంగీతమట. ఆ బటన్ తయారుచేసినవాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో ఇక్కడ రాయను.

ఆమె ఆ మాట చదివింది. "మిషిను గూడ ఏం లే అన్నది" అంది.

అదంతా కొట్టేసి నేనే రాశాను. ఆమె ఒక్కో వాక్యమూ చదివి ఒప్పుకుంటేనే తర్వాతది. ఒకచోట అలవాటు కొద్దీ 'దయచేసి' అని పెట్టాను. "నేను గట్లన్ననా?" అని కోపంగా చూసింది. తీసేశాను. వినపడనివాళ్ల కోసం వేసే వీడియోల్లో చప్పుడును కూడా రాయడం మా పద్ధతి కనుక ఒకచోట 'ఏడుపు' అని రాశాను. అదీ తీయించింది. "కండ్లున్నయి గదా వాళ్లకు, సూస్తరు. మాటలే రాయి."

మా దగ్గరి చర్చిల్లో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. ఎవరైనా లేచి ముందుకు వచ్చి తమ సంగతి చెప్పుకోవచ్చు, కాదనే పద్ధతి లేదు. అన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. ఆ చర్చిలో ఆదివారాలు పాటల అక్షరాలు తెర మీద వేసే పని నాదే. ఆ ఆదివారం పాస్టరు గారు సాక్ష్యాలకు పిలవగానే ఆమె లేచి ముందుకు వచ్చింది. పాపం మొగుడు పోయిన మనిషి, ఏదో రెండు మాటలు అంటుందిలే అనుకున్నట్టున్నారు, ఆయన మైకు అందించబోయారు. ఆమె వద్దని చేయి ఊపి నా వైపు చూసింది. నేను వీడియో వేశాను.

తెర మీద ఆమె ముఖం, కింద ఆమె మాటలు. గొంతు విని అర్థం చేసుకోలేని మనుషులందరూ ఆ రోజు చదువుకోవాల్సి వచ్చింది.

"ఆ దినం మీరందరు చేతులెత్తిన్రు. నేను గూడ ఎత్తిన. ఎందుకు ఎత్తుతున్నరో నాకు ఒక్కరు చెప్పలే. తర్వాత అడిగితే ఏం లే అన్నరు. నేను హోముకు పోత అని ఎవ్వరికి చెప్పలే. నన్ను ఎవ్వరు అడగలే. మా ఇద్దరి రెక్కల కష్టంతోని కట్టిన ఇల్లు అది. నేను యాడికి పోను. నేను ఆ దినం ఎత్తిన చెయ్యిని ఇయ్యాల దించుతున్న."

చదివేటప్పుడు పెదవులు కదిలించడం మావాళ్లలో చాలామందికి అలవాటు. చర్చి నిండా పెదవులు కదులుతున్నాయి. ఆమె ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు. ముందు నిలబడి వాళ్ల పెదవులనే చూసింది. తన మాటను అంతమంది నోట చూడటం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను.

వీడియో అయిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. ముందు వరసలోంచి మరిది లేచాడు. గబగబా వచ్చి పాస్టరు గారి చేతిలోంచి మైకు తీసుకుని మూతికి ఆనించుకున్నాడు.

"వదినెకు సరిగ అర్థం గాలేదు. అసలు సంగతేందంటే..."

ఆమె నా వైపు తిరిగి, చర్చి దద్దరిల్లేలా అడిగింది. "ఏమంటున్నడు? రాయి!"

పాటలు వేసే తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచాను. అతను అన్నది అన్నట్టు టైపు చేశాను. అతని వెనక గోడ మీద, అతని కంటే పెద్దగా, నల్లటి అక్షరాలు పడ్డాయి. జనం కళ్లన్నీ అతని మీదినుంచి పైకి పోవడం చూసి అతను కూడా వెనక్కి తిరిగాడు. తన మాట చదువుకున్నాడు. ఆమె కూడా చదివింది. చదివి, చేతులు కట్టుకుని అతని ఎదురుగా నిలబడింది.

"ఊఁ. అసలు సంగతేంది? చెప్పు. పిల్ల రాస్తది, నేను సదువుత."

నా వేళ్లు మీటల మీద ఉన్నాయి. అతను నన్ను చూశాడు, పాస్టరు గారిని చూశాడు, జనాన్ని చూశాడు. ఆమెను మాత్రం చూడలేకపోయాడు. మైకు బల్ల మీద పెట్టేసి వెళ్లి తన చోట కూర్చున్నాడు. మళ్లీ ఆ ఇంట్లో హోము మాట ఎవరూ ఎత్తలేదు. మొన్న ఆమె పోయింది కూడా ఆ ఇంట్లోనే.

పాస్టరు గారు మెల్లగా, తర్వాతి పాట వెయ్యమ్మా అన్నారు. నేను వెయ్యలేదు. వాళ్లు ఆ పాట తెర చూడకుండానే పాడుకున్నారు. 'అసలు సంగతేందంటే' అన్న ఆ సగం మాట ఆరాధన ముగిసేదాకా గోడ మీద అట్లాగే ఉంది.